నిలబెట్టిన పద్దెనిమిది డిగ్రీలు

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదని మీరు అడగొచ్చు. నాకు రాయడం రాదు కాబట్టి రాయలేదని చెప్పి తప్పించుకుందామంటే కుదరదు. రాయడం రానన్నాళ్లూ ఈ సంగతి జరగనే లేదు. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, నేర్చుకున్నందువల్లే ఇది జరిగింది. జరిగాక రాద్దామని కూర్చున్నప్పుడల్లా మా తోటికోడలు భాగ్య వెనక నుంచి తొంగి చూసి, "అక్కా, గదే రాస్తున్నవా?" అని అడిగేది. ఆ 'గదే' అన్న మాటలో ఆమె కలిపే నవ్వుకు నా కలం అక్కడే చచ్చుబడిపోయేది. ఇప్పుడు భాగ్య భూపాలపల్లిలో కూతురింటికి పోయింది. ఆమె తిరుగు బస్సు దిగేలోపు ఇది పూర్తి చెయ్యాలి.

ముందే చెబుతున్నాను, ఇందులో ఒక ఘోరం ఉంది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. కానీ ఒక తోటెడు పసిమొక్కల ప్రాణాల మీదికి వచ్చింది. నా పరువు గాలివానలో తాళ్లు కట్టి లాగినా ఆగకుండా వెనక్కి పడింది. ఇదంతా చేసింది చదువురాని మనిషి కాదు. మా ఊరి ఆడవాళ్లలో అందరికంటే ముందు కోణమానిని కొన్న మనిషి. అంటే నేనే.

నా పేరు కొమురమ్మ. మాది జఫర్‌గఢ్ దగ్గరి ఊరు. పెళ్లయిన కొత్తలోనే జనగామ పోయి, చాలా ఏళ్లు మేస్త్రీల దగ్గర కూలి చేశాను. ఇసుక జల్లించడంతో మొదలుపెట్టి, ఇటుకలు అందించి, చివరికి మేస్త్రీ చాయ్‌కు పోయినప్పుడు గోడకు గుండు వేసి చూసేదాకా ఎదిగాను. గుండంటే దారానికి వేలాడే ఇనుప ముద్ద. పైనుంచి దారం వదిలితే అది తిన్నగా నేలకు చూస్తుంది. గోడ ఆ దారాన్ని అంటుకుని ఉంటే బాగున్నట్టు, దారం నుంచి జరిగితే వాలినట్టు. ఇల్లు కట్టే చోట మేస్త్రీ మాట తప్పవచ్చు, ఇంటాయన మాట తప్పవచ్చు, దారం మాత్రం తప్పదు. నా నెత్తిలో ఆ దారం అట్లా వేలాడుతూనే ఉండిపోయింది. అదే నా కొంప ముంచింది.

ఊరికి తిరిగొచ్చాక సాయంత్రం బడిలో చేరాను. మా సుజాత టీచర్ నాకంటే చాలా చిన్నది. నేను అక్షరాలు దిద్దడం చూసి, "నువ్వు రాస్తలేవు కొమురమ్మా, ఇటుకలు పేరుస్తున్నవు" అనేది. నిజమే, నా అక్షరాలు ఇప్పటికీ వరసగా, బరువుగా, కూలగొట్టడానికి వీల్లేకుండా ఉంటాయి. అక్షరాల తర్వాత లెక్కలు, లెక్కల తర్వాత పదో తరగతి పరీక్షకు చదువు. కోణాల పాఠం వచ్చేసరికి నాకు పూనకం వచ్చినంత పనయింది.

"టీచర్, సుట్టును మూడువందల అరవై ముక్కలు ఎవలు చేసిన్రు? వంద చేస్తె పోయేది గదా."

"వంద చేసినవాళ్లు గూడ ఉన్నరు. లంబకోణాన్నే వంద చేసిన్రు. గని లోకం ఎక్కువ వినలే. మూడువందల అరవైని రెండు పాళ్లు చేయి, మూడు చేయి, నాలుగు, అయిదు, ఆరు, ఎనిమిది, తొమ్మిది, పది చేయి. ఎట్ల పంచినా సమంగ వస్తది."

పంపకాల్లో కొట్లాట రాని సంఖ్య అన్నమాట. మా మామగారి భూమికి అట్లాంటి సంఖ్య లేకపోవడం వల్ల అన్నదమ్ములు ఎన్నాళ్లు మాట్లాడుకోలేదో నాకు తెలుసు.

రేడియన్ అనే మాట వినగానే మిగతావాళ్లు ఆవలించారు. నాకు మాత్రం మా ఎద్దు కళ్లముందుకొచ్చింది. గుంజకు కట్టిన ఎద్దు తాడు బిగించుకుని గుండ్రంగా తిరుగుతుంది కదా. తాడు ఎంత పొడవుందో అంత దూరం ఆ గుండ్రటి దారిలో నడిస్తే, అది తిరిగిన కోణం ఒక రేడియన్. మరి చుట్టంతా తిరగాలంటే ఎన్ని తాళ్లు పడతాయని అడిగాను. "ఆరు తాళ్లు, మీద ఇంకో చిన్న ముక్క" అంది టీచర్. ఆ ముక్క ఎందుకు మిగిలిందని అడిగితే, "పెద్ద పెద్ద లెక్కలోల్లకే అది తెగని ముక్క, నువ్వు ఇంటికి పో కొమురమ్మా" అంది.

ఇంటికి పోయాను, కానీ ఊరికే ఉండలేదు. కోణమానిని కొన్నాను. పిల్లలు 'డి' అంటారే, ఆ అర్ధచంద్రం. దాన్ని వక్కల సంచిలో పెట్టుకుని తిరిగేదాన్ని. కనిపించినదల్లా కొలిచేదాన్ని. మంచం నులక ఎంత కుంగింది, నిచ్చెన ఎంత వాలింది, బడి గంట కొట్టే ఇనుపముక్క ఎంత వంకర, అన్నీ. ఒకరోజు మా ఆయన వంగి చెప్పులు వేసుకుంటుంటే వీపు పక్కన డి పెట్టాను.

"ఏం చేస్తున్నవే?"

"ఏం లేదు, కదలకు. నలభై అయిదు."

"నా ఈడు యాభై రెండు."

"ఈడు గాదు, నడుం."

ఆయన ఆ తర్వాత చాలా రోజులు నేను ఇంట్లో ఉంటే గోడకు ఆనుకునే చెప్పులు వేసుకున్నాడు.

ఇట్లా కోణం తలకెక్కి ఉన్న రోజుల్లోనే మా మహిళా సంఘం నర్సరీ పెట్టింది. వేప, కానుగ, చింత, ఉసిరి మొక్కలు నల్ల సంచుల్లో పెంచి, వానలు పడగానే చుట్టుపక్కల ఊళ్లకు ఇవ్వాలి. మాకు తెలిసిన మొదటి సొంత వ్యాపారం అది. ఎండాకాలం దాటించగలిగితే సంఘం నిలబడుతుంది, మొక్కలు ఎండితే ఇంకోసారి మమ్మల్ని నమ్మి ఎవరూ పని ఇవ్వరు. అందుకని బోరుకు సోలార్ మోటార్ తెచ్చాం. రెండు పెద్ద ప్లేట్లు, ఒక మోటార్. జనగామలో అమ్మినాయన, "స్టాండు మీరే చేయించుకోండి, దక్షిణం ముఖం పెట్టి పద్దెనిమిది డిగ్రీల వాలు ఇవ్వండి. లేకపోతే మా మెకానిక్ వచ్చి బిగిస్తడు, దానికి వేరే ఖర్చు" అన్నాడు.

సంఘం పెద్ద లచ్చవ్వ మా అందరికంటే పెద్దది. ఆమె మాటంటే అందరికీ గురి. ఆమె మెకానిక్‌ను పిలుద్దామనే అంది. అప్పుడు నేను లేచి నిలబడ్డాను. అసలు ఈ కథలో నేను లేచి నిలబడిన ప్రతిసారీ ఏదో ఒకటి చెడిపోయింది, మీరు గమనిస్తూ ఉండండి.

"మెకానిక్ ఎందుకవ్వా? పద్దెనిమిది డిగ్రీలే గదా. నేను పెట్టిస్త."

"నీకెట్ల తెలుసే?"

 వక్కల సంచిలోంచి డి తీసి పైకెత్తి చూపించాను. పోలీసాయన టోపీ చూపించినట్టు.

భాగ్య పక్కామె చెవిలో, అందరికీ వినబడేలా, "మా బావ నడుం అయిపోయింది, ఇగ సూర్యుని వంతు" అంది.

లచ్చవ్వ కాసేపు నా డి వైపు, కాసేపు నా ముఖం వైపు చూసి, "సరే, చెయ్యి. సంగంల ఇగ కొలత పనంత నీదే. గని తప్పయితే మాట గూడ నీదే" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయంతో కాదు, గర్వంతో. కొలత పనంతా నాదే. చిన్నప్పుడు నాకు పలక కొనివ్వని మా నాయిన ఉంటే చూసి ఉండేవాడు.

తెల్లారి నేను చేసిన పని మీకు ఉన్నదున్నట్టు చెబుతాను. గోడకు మేకు కొట్టాను. మేకుకు గుండు వేలాడదీశాను. దారం ఊగడం మానేదాకా ఊపిరి బిగబట్టాను. డి తీసి దాని తిన్నటి అంచును దారానికి ఆనించాను. దారం నుంచి పద్దెనిమిది లెక్కబెట్టి బొగ్గుతో గీత గీశాను. వాలు అంటే నాకు తెలిసింది ఒక్కటే, దారం నుంచి ఎంత జరిగిందో అది. మా పనిలో ఏ మేస్త్రీ కూడా "ఈ గోడ నేల నుంచి తొంభై డిగ్రీలుంది" అని అనడు. తిన్నగా ఉన్న గోడకు వాలు సున్నా. కాబట్టి పద్దెనిమిది డిగ్రీల వాలంటే దారం నుంచి పద్దెనిమిది. ఇందులో అనుమానం ఎక్కడుంది? నాకైతే ఆవగింజంత కూడా కనిపించలేదు.

ఆ కొలతకు ఒక అట్టను మూడు మూలలుగా కోశాను. వెనక నిలువు గుంజ, కింద పొట్టి అడ్డబద్ద, ముందు ప్లేట్లు ఆనే వాలు. పద్దెనిమిది డిగ్రీల మూల పైన వచ్చింది. ఎక్కడ తలకిందులు చేస్తారోనని 'పైన' అని రాసి బాణం గుర్తు కూడా వేశాను. చదువుకున్నవాళ్ల జాగ్రత్త అది. ఆ బాణం లేకపోతే వెల్డింగ్ చేసేవాడు అట్టను ఎట్లా పడితే అట్లా పెట్టుకుని, పొరపాటున సరిగ్గా చేసి ఉండేవాడు.

జఫర్‌గఢ్‌లో వెల్డింగ్ షాపు సదానందానిది. అట్ట తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గింత నిలువుగనా అక్కా?"

"కొలిచిన."

"ఏం ఆరవెయ్యనీకి?"

"సోలార్ ప్లేట్లకు."

"నాకేంది, నువ్వు గీసిచ్చినట్టు చేస్త. బాణం గూడ వేసినవు."

చేశాడు. వంక పెట్టడానికి లేదు. నా అట్ట అచ్చంగా ఇనుములోకి దిగింది.

ట్రాక్టర్ మీద తెచ్చి నర్సరీలో నిలబెట్టి, ప్లేట్లు బిగించి, కాళ్ల మీద రాళ్లు పేర్చాం. చూద్దామని ఊరంతా వచ్చింది. దక్షిణం వైపు తిరిగి, మనిషి ఎత్తు దాటి, గోడలాగా నిలబడ్డాయి ప్లేట్లు. 

"గిదేందే కొమురా" అంది లచ్చవ్వ మెల్లగా, "మొన్న తరిగొప్పుల కాడ చూసిన ప్లేట్లు పండుకున్నట్టుండె. గివి నిలవడ్డయి."

"వాళ్లకు కొలతలు తెల్వయవ్వా. కరెంటు పుట్టించేది ఏదైనా నిలవడే ఉంటది. చెల్పూర్ల పొగగొట్టం పండుకున్నదా?"

చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం మా వైపు అందరూ చూసిందే. అది నిజంగానే నిలబడి ఉంటుంది. అందుకని అందరూ తలలూపారు. తప్పు మాటకు నిజం ఆసరా దొరికితే దాన్ని పడగొట్టడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది. పడగొట్టాల్సింది నా మాటే అని మాత్రం తెలియలేదు.

స్విచ్ వేశాం. మోటార్ మూలిగింది. పైపు మూతిలో ముందు గాలి వచ్చింది, తర్వాత దగ్గు వచ్చింది, ఆఖరుకు నీళ్లు వచ్చాయి. ముసలి మేక పాలు పిండినట్టు.

"పొద్దుగాలనే గదా, ఎండ ముదరనీ" అన్నాను.

ఎండ ముదిరింది. మాడు మీద అప్పడం పెడితే వేగేట్టుంది. సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికొచ్చాడు. నా ప్లేట్లు మాత్రం దక్షిణం దిక్కు చూస్తూ, ఆయనెవరో తమకు పరిచయం లేనట్టు నిలబడ్డాయి. నీళ్లు ఇంకా సన్నబడ్డాయి.

నేను ఊరుకుంటానా? మొదట పైపును తిట్టాను, మార్చాం. తర్వాత బోరును తిట్టాను, లచ్చవ్వ తాడుకు రాయి కట్టి దించి చూసింది, నీళ్లున్నాయి. తర్వాత మోటార్‌ను తిట్టాను. ఆ తర్వాత తిట్టడానికి సూర్యుడొక్కడే మిగిలాడు.

ప్లేట్లు మాత్రం ఊరికి బాగా ఉపయోగపడ్డాయి. మేకలు వాటి వెనక నీడలో పడుకుని నెమరు వేసేవి. పనికొచ్చిన ఆడవాళ్లు వాటి ముందు నిలబడి నిలువెత్తు అద్దంలో చూసుకున్నట్టు బొట్టు సరిచేసుకునేవాళ్లు. భాగ్య వెనక కడ్డీ మీద తువ్వాల ఆరేసి, "అక్క ఏది చేసినా ఒక్క పనికే చెయ్యది, నాలుగు పనులకొస్తది" అని వచ్చేవాళ్లకు పోయేవాళ్లకు చెప్పేది.

నవ్వులు సరే. మొక్కలు నవ్వలేదు. కానుగ ఆకులు ముందు వేలాడాయి. ఉసిరి మొక్కలు చిటికెన వేలంత ఉన్నాయి, పొద్దున లేచేసరికి తల వాల్చేవి. పక్క చేను బావి నుంచి అందరం బిందెలు మోశాం. నెత్తి మీద బిందెతో, నిలబడి చూస్తున్న నా ప్లేట్ల ముందు నుంచి పోతుంటే ఎవరూ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. ఒకామె బిందె దించి నడుం పట్టుకుంటే, ఆ నడుం కోణం ఎంతో చూడాలన్న ఆలోచన నాకు మొదటిసారి రాలేదు.

మూడో రోజు సాయంత్రం లచ్చవ్వ మా గుమ్మం ముందుకొచ్చింది.

"కొమురా, ఎల్లుండి పొద్దటి దాంక చూస్త. గంతకు మించితె మొక్కలు ఆగయి. జనగామ కెళ్లి మెకానిక్‌ను పిలుస్త. గాయిన ఒక్కపారి వచ్చిన్నంటె, ఇగ సంగంల కొలత పని నీది గాదు. నిన్ను తక్కువ చేస్తలేను బిడ్డా. మొక్కల కోసం అంటున్న."

ఆమె తిట్టి ఉంటే ఎదురు తిట్టేదాన్ని. 'బిడ్డా' అనేసరికి తల ఊపాను.

పెరట్లోకి పోయి, స్పీకర్ పెట్టి సుజాత టీచర్‌కు ఫోన్ చేశాను.

"టీచర్, పద్దెనిమిది డిగ్రీలే పెట్టిన. జర గూడ అటు ఇటు కాలే. నీళ్లొస్తలేవు."

"దేని నుంచి పద్దెనిమిది, కొమురమ్మా?"

"దారం నుంచి."

"ఏ దారం?"



"గుండు దారం టీచర్. మేము గట్లనే చూస్తం."

 అటువైపు టీచర్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుందని ఇప్పటికీ నా అనుమానం. తర్వాత చెప్పింది. లెక్కల పుస్తకంలో కుడివైపు పోయే అడ్డగీత నుంచి మొదలుపెట్టి, గడియారం ముళ్లకు ఎదురు దిక్కున తిప్పి కొలుస్తారట. భూములు కొలిచే సర్వేయర్ ఉత్తరం నుంచి మొదలుపెట్టి, గడియారం తిరిగినట్టే తిప్పుతాడట. సోలార్ వాళ్లు నేల నుంచి కొలుస్తారట. మేస్త్రీలు దారం నుంచి.

"మనమున్న చోటు భూమి నడిమి గీత నుంచి దగ్గర దగ్గర పద్దెనిమిది డిగ్రీలు ఉత్తరంల ఉన్నది. గందుకే నేల నుంచి పద్దెనిమిది లేపుమన్నరు. నువ్వు దారం నుంచి దించినవు. అంటే నేల నుంచి డెబ్బై రెండు."

"అయితే ఎవలది తప్పు టీచర్?"

"ఎవలదీ తప్పు గాదు. ఏడికెళ్లి మొదలువెట్టాల్నో, దేని నుంచి కొలవాల్నో ముందుగల అనుకోవాలె. అనుకోకపోతే ఒక్కటే సంఖ్య ఇద్దరికి రెండు తీర్ల వినబడతది."

"అంటే నాది గూడ తప్పు గాదన్నట్టే గదా?"

"తప్పు గాదు కొమురమ్మా. నీళ్లు రావు, అంతే."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే భాగ్య. చేతిలో గంజి గిన్నె, ముఖంలో పండగ.

"ఏమన్నది టీచర్?"

"ఏం లేదు. ఎండ ఎక్కువున్నదట, పిల్లలు మంచిగున్నరా అని అడిగింది."

"మంచిదే" అని గిన్నె పట్టుకుని పోయింది. అడగకుండా పోయే మనిషి కాదు. 

మర్నాడు పొద్దున్నే స్టాండు కోయించడానికి సదానందం షాపుకు పోయాను. తాళం. మహబూబాబాద్‌లో చుట్టాల పెళ్లికి పోయాడట, రెండు రోజుల దాకా రాడట. మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చి నర్సరీలో కూర్చుని, లచ్చవ్వకు ఏమని చెప్పాలో మాటలు పేర్చుకున్నాను. ఒక్క మాటా నిలబడలేదు.

సాయంత్రం నాలుగింటికి దక్షిణం వైపు ఆకాశం ఇనుము రంగుకు తిరిగింది. ఎండాకాలపు గాలిదుమారం మీకు తెలుసు, చెప్పి రాదు. దుమ్ము లేచింది, రేకులు ఎగిరాయి, మేకలు నీడను వదిలి పారిపోయాయి. నిలువెత్తు ప్లేట్లకు ఎదురుగా గాలి వచ్చి కొట్టింది. కాళ్ల మీది రాళ్లు దొర్లాయి. స్టాండు వెనక్కి ఊగింది.

"మోకు పట్టుండ్రే" అని లచ్చవ్వ అరిచింది. నేను ముందు మోటార్ తీగ పీకేశాను. నలుగురం బావి మోకును పై కడ్డీకి వేసి ముందు నుంచి లాగాం. గాలి ఒక గుంజు, మేము ఒక గుంజు. కళ్ల నిండా దుమ్ము. స్టాండు ముందు కాళ్లు నేల వదిలి పైకి లేచాయి. వెనక గుంజ నేల వైపు వాలుతోంది.

మీరు నమ్మండి, నమ్మకపోండి. అప్పుడు, మోకు అరచేతులు కోస్తుండగా, నాకు నా అట్టముక్క కళ్లముందు కనబడింది. మూడు మూలలది. పైమూల పద్దెనిమిది, కింద ముందుమూల డెబ్బై రెండు, వెనక లంబకోణం. అది వెనక్కి పడుకుంటే పైమూల నేలకొస్తుంది. పద్దెనిమిది నేలకొస్తుంది. పరీక్ష కోసం 'పూరక కోణాలు, పూరక కోణాలు' అని కట్టెలపొయ్యి ముందు బట్టీ పట్టానే, అవి ఇవే. రెండూ కలిస్తే తొంభై. ఒకటి తప్పయితే, రెండోది ఒప్పు దాని పక్కనే కూర్చుని ఉంది. పండబెడితే చాలు.

"లాగకుండ్రి" అని అరిచాను. "మెల్లగ వదులుండ్రి. వెనక్కి పండవెట్టుండ్రి."

"పిచ్చి లేసిందా? పలుగుతయే" అంది లచ్చవ్వ.

"పలిగితె మాట నాదవ్వా. నిలవెడితేనే పలుగుతయి. గుంజ మీద పండవెట్టు, ప్లేట్లు పైకే ఉంటయి."

లచ్చవ్వ నా వైపు చూసింది. మోకు పట్టిన వాళ్లందరూ ఆమె వైపు చూశారు. అప్పుడు అందరికంటే ముందు చేతులు సడలించింది భాగ్య.

"అక్క చెప్పినట్టు వదులుండ్రి" అంది. "ఆమెకు లెక్క అందింది."

కొంచెం కొంచెంగా మోకు వదిలాం. పురిటి మనిషిని మంచం మీద పడుకోబెట్టినంత మెల్లగా స్టాండు వెనక్కి వాలి, గుంజ మీద నేలకు ఆనింది. ప్లేట్లు ఆకాశం వైపు చూస్తూ పడుకున్నాయి. మరుక్షణం వాన దిగింది. మొక్కలు తాగాయి, మేమూ తడిశాం. గాలి ఆ ప్లేట్ల మీదుగా జారిపోయింది, వాటిని పట్టుకోవడానికి దానికి అంచు దొరకలేదు.

వాన తగ్గాక తడి చేతులతోనే డి తీశాను. ఈసారి దాని అంచును నేలకు ఆనించిన ఇటుక బద్ద మీద పెట్టాను. పద్దెనిమిది. నేల నుంచి పద్దెనిమిది. ఎక్కడా కోయలేదు, ఎక్కడా అతికించలేదు. నా తప్పు కూడా ఎంత కచ్చితంగా ఉందంటే, దాన్ని తిరగేస్తే ఒప్పయింది. కొంచెం అటూ ఇటూగా తప్పు చేసేవాళ్లకు ఈ సుఖం ఉండదు.

అయితే ఒక చిక్కు మిగిలింది. వెనక్కి పడటంతో ప్లేట్లు ఉత్తరం వైపు చూస్తున్నాయి.

"ఇప్పుడు గిది సగం సుట్టు తిప్పాలె" అన్నాను. "నూట ఎనభై."

భాగ్య కొంగు పిండుకుంటూ తీరుబడిగా అడిగింది. "ఎట్ల తిప్పాలె అక్కా? లెక్కల పుస్తకం లెక్క గడియారానికి ఎదురా, సర్వేయర్ లెక్క గడియారం తిరిగినట్టా?"

 నిన్న పెరట్లో అంతా విన్నది. విని, నవ్వుకుని, రాత్రి గడిచి పగలు గడిచినా లచ్చవ్వ చెవిన వెయ్యలేదు. ఆ నోరు ఒక మాటను అంతసేపు దాచిపెట్టడం మా ఇంటి చరిత్రలో అంతకుముందు లేదు.

"ఎటు తిప్పినా గాడికే వస్తది" అన్నాను. "గందుకే నాకు నూట ఎనభై అంటె ఇష్టం."

"నాకైతే గా డెబ్బై రెండే నచ్చింది" అంది భాగ్య, కడ్డీ ఒక కొస పట్టుకుంటూ.

అందరం కలిసి ఎత్తి తిప్పి దక్షిణం ముఖంగా పెట్టేసరికి పొద్దు గూకింది. వెలుతురు లేక మోటార్ వేసి చూడలేకపోయాం.  "పొద్దుగాల చూద్దాం" అని లచ్చవ్వ పోయింది. మెకానిక్ ఫోన్ నంబరు ఆమె కొంగు ముడిలోనే ఉంది.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు నర్సరీకి పోయాను. చేతిలో డి లేదు, తాపీ ఉంది. గమేళాలో ఇసుక, కంకర, సిమెంటు కలిపి, స్టాండు నేలకు ఆనిన నాలుగు మూలల దగ్గర గుంతలు తవ్వి పోయడం మొదలుపెట్టాను. నీళ్లొస్తాయో రావో చూడకుండానే పోశాను. ఒక పని ఒప్పని తెలిశాక ఇంకొకరు చెప్పేదాకా ఆగే రకం కాను, అదే కదా నా జబ్బు.

ఎండ ఎక్కింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. లచ్చవ్వ వచ్చి స్విచ్ వేసింది. మోటార్ ఈసారి మూలగలేదు. పైపు ఒక్కసారి ఎగిరిపడి, మూతి నిండా నీళ్లు కక్కింది. పైపు ముందు నిలబడిన ఒకామె నడుం దాకా తడిసి, తిట్టబోయి నవ్వింది. కాలువ నిండి ఉసిరి మళ్ల దాకా పారింది. లచ్చవ్వ దోసిలి పట్టి ముఖం కడుక్కుని, చాలాసేపు చేతులు నీళ్లలోనే ఉంచింది. తర్వాత కొంగు ముడి విప్పి, ఆ నంబరు కాగితాన్ని నీళ్లలో వదిలేసింది.

"అవే ప్లేట్లు, అదే ఎండ" అంది. "ఏం చేసినవే కొమురా?"

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. చెప్పాను కదా, గమనిస్తూ ఉండండని.

"ఏం లేదవ్వా. ఒక్క స్టాండుకే రెండు కోణాలు పెట్టించిన. చలికాలం సూర్యుడు దక్షిణం దిక్కు వాలి ఉంటడు, గప్పుడు నిలవెట్టాలె. ఎండకాలం నెత్తిమీదికొస్తడు, గప్పుడు పండవెట్టాలె. ముందుగల్లనే ఆలోచించిన."

ఆడవాళ్లందరూ నోళ్లు తెరిచారు. భాగ్య దగ్గింది. లచ్చవ్వ మాత్రం నా కాళ్ల దగ్గరికి చూసింది.

"గట్లనా? మల్ల చలికాలం నిలవెట్టేదానికి గీ సిమెంటు ఎందుకు పోస్తున్నవే?"

నా చేతిలో తాపీ, తాపీ మీద సిమెంటు. దాచడానికి కొంగు కూడా చాలదు.

"నాకు మల్ల నిలవెట్ట బుద్ది పుట్టకుండ అవ్వా" అన్నాను.

ముందు నవ్వింది లచ్చవ్వ. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో తెలియదు, నర్సరీ అంతా నవ్వింది. నేనే దారం సంగతి, డెబ్బై రెండు సంగతి, టీచర్ మాట, అన్నీ విప్పి చెప్పాను. లచ్చవ్వ కళ్లు తుడుచుకుని, "కొలత పని నీకే ఉండనీ. తప్పు చేసినా సూటిగ చేసినవు" అంది. నా జీవితంలో నాకు దొరికిన సర్టిఫికెట్లు రెండు. ఒకటి పదో తరగతిది, ఇంకొకటి ఇది. మొదటిది పెట్టెలో ఉంది, రెండోది ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఆ ఊపులోనే తడి సిమెంటు మీద అరచెయ్యి ఆనించి, అందరి ముందూ గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను. "ఇగ మీదట ఎంత అని అడిగినోల్లను ముందుగల ఏడికెళ్లి అని అడగకుంట, ఏ కోణం ముట్ట. గోడదైనా, ప్లేటుదైనా, మా ఆయన నడుందైనా."

చెయ్యి తీస్తే అయిదు వేళ్లూ సిమెంటులో దిగిపోయి ఉన్నాయి. భాగ్య వంగి చూసింది.

"ఏందక్కా, సంతకం నేర్చుకున్నంక గూడ ముద్రలే వేస్తున్నవు?"

 తాపీ మొనతో ఆ చేతిగుర్తు పక్కనే, ఇటుకలు పేర్చినట్టు, 'నేల నుంచి పద్దెనిమిది, కొమురమ్మ' అని చెక్కాను.